ఆట దిగుతుంది, బొమ్మ రాదు: పాతబస్తీలో గేమింగ్ క్లయింట్ల నెమ్మదితనం

గేమింగ్ క్లయింట్‌లో స్టోర్ పేజీ తెరిస్తే తెర నల్లగానే ఉండిపోతుంది. లేదా అక్షరాలు వచ్చి, ఆటల బొమ్మలు ఉండాల్సిన చోట బూడిదరంగు గళ్లు మిగులుతాయి. లేదా గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. అదే కంప్యూటర్‌లో, అదే నిమిషంలో 60 జీబీల ఆట మాత్రం పూర్తి వేగంతో దిగుతూ ఉంటుంది. స్పీడ్ టెస్ట్ పెడితే ప్లాన్‌లో రాసిన వేగమే చూపిస్తుంది. చార్మినార్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఈ ఫిర్యాదుకు దొరికే జవాబులు రెండే: రౌటర్ ఆపి ఆన్ చేయండి, లేకపోతే పెద్ద ప్లాన్ తీసుకోండి. మొదటిది అప్పుడప్పుడు పనిచేస్తుంది. రెండోది పనిచేసే సందర్భాలు చాలా తక్కువ. ఎందుకన్నది తెలియాలంటే క్లయింట్ లోపల ఏముందో, బొమ్మ ఎక్కడి నుంచి ఏ దారిన వస్తుందో చూడాలి.

వాల్వ్ సంస్థ 2003 సెప్టెంబరులో విడుదల చేసిన స్టీమ్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. పైకి అది ఆటల దుకాణం, కొన్న ఆటల లైబ్రరీ, స్నేహితులతో చాట్. లోపల ఉన్నది క్రోమియం బ్రౌజర్. స్టోర్, కమ్యూనిటీ, ప్రొఫైల్ పేజీలను స్టీమ్ వెబ్ హెల్పర్ అనే ప్రాసెస్ గీసి చూపిస్తుంది. 2023 జూన్‌లో వచ్చిన కొత్త రూపంతో ఆట మధ్యలో తెరుచుకునే ఓవర్‌లే సహా మిగతా తెరలు కూడా చాలావరకు దాని చేతికే వెళ్లాయి. 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8, 8.1 లకు మద్దతు ఆపేసినప్పుడు వాల్వ్ చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది ఇదే: లోపల కూర్చున్న క్రోమ్ ఆ పాత విండోస్‌ల మీద నడవదు. ఎపిక్ గేమ్స్ లాంచర్‌కూ తనదైన వెబ్ హెల్పర్ ఉంది, తెచ్చిన పేజీ ముక్కల నకళ్లు దాచుకునే తనదైన వెబ్ క్యాష్ ఉంది. కాబట్టి క్లయింట్‌లో పేజీ నెమ్మదించడం చాలావరకు బ్రౌజర్ జబ్బే. తేడా ఒక్కటే: మామూలు బ్రౌజర్‌లో అడ్రస్ బార్, అవసరమైతే వేరే బ్రౌజర్‌కు మారే వీలు కళ్లెదుట ఉంటాయి, ఇక్కడ దాగి ఉంటాయి.

ఆట దిగడానికీ పేజీ తెరుచుకోవడానికీ వైరు ఒకటే గానీ పని తీరు వేరు. ఆట ఫైలును టోకున లారీకెత్తించి ఒకే గోదాము నుంచి తెప్పించుకోవచ్చు. పేజీ మాత్రం లాడ్‌బజార్‌లో పెళ్లి సామాను కొన్నట్టు, ఒక్కో వస్తువుకూ ఒక్కో దుకాణం మెట్లెక్కాలి. ఒక స్టోర్ పేజీలో బొమ్మలు, స్క్రిప్టులు, ఫాంట్లు, ట్రైలర్ ముక్కలు కలిపి వంద దాటడం మామూలే. ప్రతి కొత్త సర్వర్‌తోనూ ముందు పేరు అడిగి చిరునామా తెలుసుకోవాలి, తర్వాత కనెక్షన్ కుదుర్చుకోవాలి, ఆ తర్వాత గుప్తీకరణకు తాళాలు మార్చుకోవాలి. అంటే మొదటి బైటు కదలకముందే రెండు మూడు రాకపోకలు అయిపోతాయి.

ఆ రాకపోకకు పట్టే సమయాన్నే ఆటగాళ్లు పింగ్ అంటారు. హైదరాబాద్ నుంచి వాల్వ్ కార్యాలయం ఉన్న సియాటిల్ పరిసరాలకు నేరుగా గీత గీస్తేనే సుమారు 12,500 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి 125 మిల్లీసెకన్లు కనీస ధర; కేబుల్ నేరుగా వెళ్లదు కనుక వాస్తవంలో అది ఇంచుమించు రెట్టింపవుతుంది. మూడు రాకపోకలకు ముప్పావు సెకను. ప్లాన్ 100 ఎంబీపీఎస్ నుంచి 300 కు పెంచినా ఈ ముప్పావు సెకనులో ఒక్క మిల్లీసెకను తగ్గదు. లెక్క ప్రకారం 100 ఎంబీపీఎస్ లైను సెకనుకు 12.5 మెగాబైట్లు తేగలదు. 10 మెగాబైట్ల పేజీ ఒక్క సెకనులోపే రావాలి. అది పది సెకన్లు తీసుకుంటుంటే మిగతా తొమ్మిది సెకన్లూ ఎదురుచూపులోనే పోతున్నాయి. స్పీడ్ టెస్ట్ కొలిచేది పైపు వెడల్పును, అదీ దగ్గర్లోని సర్వర్‌తో. ఈ కేసులో దాని సాక్ష్యం చెల్లదు.

దూరం తగ్గించడానికే బొమ్మలను వాల్వ్ తన సొంత సర్వర్ల నుంచి కాక అకమై, ఫాస్ట్‌లీ, క్లౌడ్‌ఫ్లేర్ వంటి పంపిణీ సంస్థల ద్వారా ఇస్తుంది. వాటి నకళ్లు నగరాల్లో, కొన్నిచోట్ల ఇంటర్నెట్ కంపెనీల సొంత గదుల్లోనే ఉంటాయి. పేజీలోని ధర, ఖాతా, సిఫార్సుల వంటివి మాత్రం అడిగినవారిని బట్టి అప్పటికప్పుడు తయారవుతాయి. అందువల్ల లక్షణాన్ని బట్టే సగం నిర్ధారణ చేయవచ్చు. అక్షరాలు వెంటనే వచ్చి బొమ్మలు రాకపోతే అనుమానం పంపిణీ సంస్థ దారి మీద. ఏదీ రాకుండా తెర నల్లగా ఉంటే అనుమానం క్లయింట్ మీద, లేదా పేరు అడిగే దశ మీద. మొదటిసారి నెమ్మదిగా, రెండోసారి చకచకా వస్తే జబ్బే లేదు, నకలు అప్పుడే డిస్కులో చేరింది.

ఇక్కడే ఒక అపోహ సంగతి తేల్చాలి. స్టీమ్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్ రీజియన్ ఉంటుంది. అందులో ముంబై, చెన్నై, బెంగళూరులతో పాటు హైదరాబాద్ పేరు కూడా ఉంది. పేజీ నెమ్మదిస్తే రీజియన్ మార్చమనీ, డౌన్‌లోడ్ క్యాష్ తుడవమనీ సలహా ఇవ్వడం ఆనవాయితీ అయిపోయింది. ఆ రెండూ ఆట ఫైళ్లకు సంబంధించినవి. స్టోర్ బొమ్మలు ఏ సర్వర్ నుంచి రావాలో రీజియన్ నిర్ణయించదు, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ నిర్ణయిస్తుంది. రీజియన్ మార్చాక బాగుపడిందంటే చాలాసార్లు క్లయింట్ మూసి తెరవడం వల్లే.

ఏ పరీక్ష మొదలుపెట్టినా ముందు తేల్చుకోవాల్సింది లోపం ఇంట్లోదా, దూరంలోదా అన్నది. స్టీమ్ వారంవారీ నిర్వహణ అమెరికా పశ్చిమ తీరంలో మంగళవారం మధ్యాహ్నం పెట్టుకుంటుంది. ఇక్కడికి అది బుధవారం తెల్లవారుజాము. మామూలు రోజుల్లో ఎవరూ గమనించరు గానీ, రంజాన్ నెలలో సహరీ దాకా మేలుకునే పాతబస్తీ వీధుల్లో అది సరిగ్గా ఆటల వేళ. పెద్ద సేల్స్ అక్కడి ఉదయం 10 గంటలకు, అంటే మనకు వేసవిలో రాత్రి 10.30 కి, చలికాలంలో 11.30 కి మొదలవుతాయి. మొదటి అరగంట స్టోర్ తడబడటం ఏటా జరిగేదే. 2025 సెప్టెంబరు 4 సాయంత్రం మన గడియారం 7.30 కి హాలో నైట్: సిల్క్‌సాంగ్ అనే ఆట అమ్మకానికి వచ్చినప్పుడు స్టీమ్ స్టోర్ చాలాసేపు చాలామందికి సరిగా తెరుచుకోలేదు.

ఇలాంటి ఒత్తిడిలో క్యాష్ చేసే మేలుతో పాటు దాని ప్రమాదమూ ఒకసారి బయటపడింది. 2015 డిసెంబరు 25 న స్టీమ్ మీద దాడి జరిగి స్టోర్‌కు వచ్చే రద్దీ సేల్ రోజుల సగటు కన్నా 2,000 శాతం పెరిగింది. దాన్ని తట్టుకోవడానికి క్యాష్ నిర్వహించే భాగస్వామి సంస్థ హడావుడిగా మార్చిన అమరిక తప్పడంతో, గంటన్నర పాటు ఒకరి ఖాతా పేజీలు మరొకరికి కనిపించాయి. సుమారు 34,000 మంది ఖాతాల సమాచారం అలా పొరపాటున వేరేవాళ్ల తెర మీదికి వెళ్లింది. ప్రభుత్వ నిర్ణయంతోనూ దారి మూసుకుపోవచ్చు: 2022 జూలై చివర ఇండోనేసియా నమోదు నిబంధనల పేరుతో స్టీమ్, ఎపిక్ రెండింటినీ కొన్ని రోజులు ఆపేసింది. ఇలాంటి రోజుల్లో ఇంట్లో ఎన్ని బటన్లు నొక్కినా ప్రయోజనం లేదు. అదే స్టోర్ పేజీని ఫోన్‌లో, వైఫై ఆపి మొబైల్ డేటా మీద తెరిచి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అక్కడా రాకపోతే దూరపు లోపం. అక్కడ వస్తే వెతుకులాట ఇంటి నుంచి మొదలుపెట్టాలి.

ఇంట్లో మొదటి అనుమానితుడు క్లయింటే. అది పేజీకి బదులు చూపించే ఎర్రర్ నంబరును చాలామంది పట్టించుకోకుండా మూసేస్తారు. ఈ మొత్తం వ్యవహారంలో అంత నిజాయితీగా మాట్లాడే సాక్షి మరొకటి లేదు. ఆ నంబర్లు స్టీమ్ సొంతం కావు, క్రోమియం నెట్‌వర్క్ పట్టికవి. -105 వస్తే పేరుకు చిరునామా దొరకలేదు, డీఎన్ఎస్ చూడాలి. -118 అయితే చిరునామా దొరికింది, తలుపు కొట్టినా ఎవరూ పలకలేదు. దారిలో ఎక్కడో ప్యాకెట్లు పోతున్నాయి. -101 అయితే పలికినవాళ్లే మధ్యలో కనెక్షన్ తెంచేశారు. యాంటీవైరస్, ఫైర్‌వాల్, లేదా ఇంటర్నెట్ కంపెనీ పెట్టె. -106 అంటే అసలు నెట్టే లేదు. -130 అయితే కంప్యూటర్‌లో ఎప్పుడో పెట్టి మరిచిన ప్రాక్సీ పనిచేయడం లేదు.

-201 సంగతి కాస్త వేరు. సర్టిఫికెట్ తేదీ చెల్లలేదని దాని అర్థం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అనే చోట, సెకండ్ హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్లలో ఇది వింతేమీ కాదు. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032, అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంది. ఇంకా పుట్టని సర్టిఫికెట్‌ను నమ్మడానికి బ్రౌజర్ ఒప్పుకోదు. కొద్ది రూపాయల బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే పేజీలు వచ్చేస్తాయి. దీనికోసం విండోస్ మొత్తం కొత్తగా ఎక్కించుకునేవాళ్లూ ఉంటారు.

ఎర్రర్ ఏమీ రాకుండా ఊరికే నెమ్మదిస్తే చూడాల్సినవి నాలుగైదు. వెబ్ బ్రౌజర్ డేటా పాడైతే పాత ముక్కలూ కొత్త ముక్కలూ కలిసి పేజీ సగంలో ఆగుతుంది. సెట్టింగ్స్‌లోని ఇన్ గేమ్ విభాగంలో దాన్ని తుడిచే బటన్ ఉంది. తుడిచాక మొదటి రోజు అన్నీ నెమ్మదిగానే వస్తాయి, కంగారు పడనక్కర్లేదు. లైబ్రరీ బొమ్మలు వేరే సంచిలో ఉంటాయి. ఒక్కో ఆటకు 600 బై 900 నిలువు బొమ్మ, పేజీ పైన పరుచుకునే 3840 బై 1240 పట్టీ బొమ్మ చొప్పున, మూడు వందల ఆటలున్నవారికి మొదటిసారి స్క్రోల్ చేయడమే పెద్ద డౌన్‌లోడ్. హార్డ్ డిస్క్ మీద నడిచే కంప్యూటర్‌లో ఆ చిన్న ఫైళ్లను వెతికి తీయడం కూడా ఆలస్యమే. 4 జీబీ ర్యామ్ ఉన్నచోట వెబ్ హెల్పర్ ఒక్కటే గణనీయమైన భాగం తినేస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదైతే వెబ్ పేజీలకు గ్రాఫిక్స్ కార్డు వాడే ఎంపికను ఆపి చూడాలి. నల్ల తెర చాలాసార్లు దాంతోనే పోతుంది. లైబ్రరీ సెట్టింగుల్లో తక్కువ బ్యాండ్‌విడ్త్, తక్కువ పనితీరు అనే రెండు మోడ్‌లు సరిగ్గా ఇలాంటి కంప్యూటర్ల కోసమే ఉన్నాయి.

విండోస్‌లో మరో పాత చిక్కు ఉంది. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో ల్యాన్ సెట్టింగ్స్ తెరిస్తే సెట్టింగులను దానంతట అదే కనిపెట్టే గడి టిక్ పెట్టి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఈ నెట్‌వర్క్‌లో ప్రాక్సీ ఎవరైనా ఉన్నారా అని కంప్యూటర్ వెతుకుతుంది. పెద్ద ఆఫీసులో దానికి జవాబు వస్తుంది. యాకుత్‌పురాలోని ఇంట్లో జవాబిచ్చేవాళ్లు ఉండరు, వెతికి విసిగి వదిలేసేదాకా పేజీ ఆగుతుంది. ఆ టిక్ తీసేయడం స్టీమ్ వాడేవాళ్లలో ఏళ్లుగా నోటినోటా నడుస్తున్న చిట్కా. ఊరకే పుట్టింది కాదు.

గేమింగ్ కేఫ్‌లకు వేరే సమస్య ఉంది. చాలా కేఫ్‌లలో కస్టమర్ లేవగానే కంప్యూటర్ పాత స్థితికి వెళ్లిపోయే సాఫ్ట్‌వేర్ పెడతారు, లేదా డిస్కే లేకుండా సర్వర్ నుంచి బూట్ చేస్తారు. ఆటలు సర్వర్‌లో ఉంటాయి గనుక వెంటనే తెరుచుకుంటాయి. వెబ్ క్యాష్ మాత్రం ప్రతిసారీ ఖాళీ. పది సీట్లలో పదిమంది కూర్చుంటే ఒకే బొమ్మ పదిసార్లు వీధి నుంచి రావాలి. ఆట ఫైళ్లను లోపలే దాచిపెట్టే ల్యాన్ క్యాష్ ఇక్కడ ఆదుకోదు, పేజీలు గుప్తీకరించిన దారిలో వస్తాయి కాబట్టి మధ్యవర్తి వాటిని దాచుకోలేడు. మూల ఇమేజ్‌లోనే ఒకసారి పేజీలన్నీ తెరిచి, క్యాష్ నిండిన స్థితిని భద్రపరచడం కేఫ్ యజమాని చేయగల పని.

ఇంట్లో తర్వాతి అనుమానితుడు గోడ. పాతబస్తీలో దేవిడీల కాలం నాటి ఇళ్ల గోడలు రాయి, డంగు సున్నంతో రెండు అడుగుల మందం ఉండటం అరుదు కాదు. వాటి పక్కనే, వాటి మీదనే లేచిన కొత్త అంతస్తులు కాంక్రీటువి. 5 గిగాహెర్ట్జ్ వైఫై అలాంటి ఒక్క గోడ దాటడమే గగనం. 2.4 గిగాహెర్ట్జ్ దాటుతుంది గానీ, అందులో ఒకదానిపై ఒకటి పడని చానెళ్లు మూడే: 1, 6, 11. ఇరుకు గల్లీలో చుట్టూ ఇరవై రౌటర్లు ఆ మూడింటినే పంచుకుంటాయి. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నా ప్యాకెట్లు ఢీకొని పోతుంటాయి. హెచ్‌టీటీపీ/2 పద్ధతిలో ఒక సర్వర్ బొమ్మలన్నీ ఒకే కనెక్షన్ మీద వస్తాయి కనుక, ఒక్క ప్యాకెట్ పోయినా వెనకున్న బొమ్మలన్నీ అది మళ్లీ వచ్చేదాకా ఆగాలి. పేజీ కుదుపులు కుదుపులుగా రావడానికి కారణం అదే.

పరీక్ష సులువు. కంప్యూటర్ నుంచి రౌటర్‌కే, సాధారణంగా 192.168.1.1 కు, వంద పింగ్‌లు కొట్టాలి. వైరు మీద అవి 1 మిల్లీసెకను దాటవు, ఒక్కటీ పోదు. వైఫైలో ఒకటి 3, ఒకటి 180, మధ్యలో రెండు గల్లంతు అని వస్తే ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేయడం అనవసరం. జబ్బు గది నుంచి వరండా దాకానే ఉంది. మందుగా ల్యాన్ వైరు లాగడాన్ని మించినది లేదు. వైరు లాగితే కూడా చూడాల్సిన సంగతొకటి ఉంది: అందులోని ఎనిమిది తీగల్లో ఒకటి తెగితే గిగాబిట్ లింకు 100 కు పడిపోతుంది, క్లిప్పులో తుప్పు పడితే 10 కి కూడా పడవచ్చు. విండోస్ అడాప్టర్ స్టేటస్‌లో ఆ అంకె కనిపిస్తుంది.

ఇల్లు దాటాక స్తంభం. హైదరాబాద్‌లో ఇంటర్నెట్ చాలావరకు విద్యుత్ స్తంభాల మీదుగా గాలిలో వేలాడుతూ వస్తుంది. కొన్ని గల్లీల్లో అది ఇంటి దాకా ఫైబర్. కొన్నిచోట్ల ఇంకా మేడ మీది పెట్టె దాకా ఫైబర్, అక్కడి నుంచి మామూలు ఈథర్‌నెట్ వైరు. ఆ వైరుకు 100 మీటర్ల హద్దు ఉంది. కేబుల్ అతను మధ్యలో జాయింట్ వేసి 140 మీటర్లు లాగితే ఎండాకాలం నడుస్తుంది, వాన పడగానే మొరాయిస్తుంది. మేడ మీది పెట్టెకు బ్యాటరీ లేకపోతే ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా ఉపయోగం లేదు.

ఈ వేలాడే తీగలకు పాతబస్తీలో ఊరేగింపుల క్యాలెండర్ వర్తిస్తుంది. మొహర్రం పదో రోజు డబీర్‌పురా బీబీ కా అలావా నుంచి పవిత్ర ధ్వజం బీబీ కా ఆలం ఏనుగు మీద బయల్దేరుతుంది. ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాల మరునాడు ఘటాల ఊరేగింపు. వినాయక నిమజ్జనం రోజు బాలాపూర్ గణపతి చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, అలియాబాద్, చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు వెళ్తుంది. ఎత్తైన విగ్రహానికీ, ఏనుగు మీది ఆలానికీ దారి ఇవ్వడానికి ముందుగానే కిందికి జారిన తీగలను ఎత్తి కట్టడం, కొన్నిటిని తీసేయడం ఏటా జరిగే పని. తర్వాత అతికించిన జాయింట్లలో ఏ ఒక్కటి సరిగా కుదరకపోయినా ఆ వీధిలో నెలల తరబడి పేజీలు తడబడతాయి.

2025 ఆగస్టులో ఇది నగరమంతటి సమస్య అయింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు సోకి ఐదుగురు మరణించారు. ఒకటి రెండు రోజుల్లోనే పాతబస్తీ పక్కన బండ్లగూడలో వినాయక విగ్రహం తరలిస్తూ ఇద్దరు యువకులు విద్యుదాఘాతానికి బలయ్యారు. స్తంభాల మీది కేబుళ్లు తొలగించాలని ప్రభుత్వం ఆదేశించడంతో విద్యుత్ సిబ్బంది కట్టలు కట్టలుగా తెంచేశారు, వేల ఇళ్లలో నెట్ ఆగింది, వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాల ముందు బొమ్మలు రాకపోవడం చిన్న సంగతే. అయినా భూగర్భ డక్టుల గురించి ఏళ్లుగా మాటలే సాగిన నగరంలో ఆ వారం జరిగింది ఊహించలేనిదేమీ కాదు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో కోసం 2025 జనవరిలో కూల్చివేతలు మొదలైన దారుషిఫా, పురానీ హవేలీ, శాలిబండ మార్గంలోనూ తీగలు స్థానం మారక తప్పదు.

ఫైబర్ ఇంటి దాకా ఉంటే మోడెమ్ మీది దీపాలే సగం చెబుతాయి. లాస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే కాంతి రావడం లేదు, తీగ ఎక్కడో తెగింది. అది ఆరి ఉండి, అయినా నెట్ తడబడుతుంటే మోడెమ్ పేజీలో అందే కాంతి శక్తి చూడాలి. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లు పంచుకునే జీపాన్ పద్ధతిలో సాధారణ మోడెమ్ -27 డీబీఎం దాకా చదవగలదు. -20 దగ్గర ఉంటే హాయి, -26 చూపిస్తుంటే అంచున నిలబడ్డట్టే. ఎండకు సాగి, వానకు తడిసి, మేకుకు మడత పడిన ఒక్కచోట చాలు, ఆ అంచు దాటడానికి. ఒక జీపాన్ పోర్టుకు వచ్చే 2.5 గిగాబిట్‌లను 32, 64 ఇళ్లు పంచుకుంటాయి కనుక రాత్రి పది గంటల రద్దీ వేరే లెక్క. తెల్లవారి ఆరింటికి చకచకా, రాత్రి పదింటికి నత్తనడక అయితే అనుమానం అటు పోవాలి.

కంపెనీ గదిలోకి వెళ్తే చిక్కుముళ్లు సూక్ష్మమవుతాయి. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి చిరునామాలు పంచే ఏపీనిక్ దగ్గర పాత పద్ధతి చిరునామాల నిల్వ 2011 ఏప్రిల్‌లోనే చివరి దశకు చేరింది. తర్వాత వచ్చిన చిన్న కంపెనీలు ఒకే బహిరంగ చిరునామా వెనక వందల ఇళ్లను కూర్చోబెడుతున్నాయి. ఒక చిరునామాకు ఉండే పోర్టులు 65,535. పంచితే ఒక్కో ఇంటికి కొన్ని వందలే. టీవీ, నాలుగు ఫోన్లు, ఒక డౌన్‌లోడ్ వాటిని నింపేస్తే, స్టోర్ పేజీ అడిగే కొత్త కనెక్షన్లకు తావుండదు. ఉన్న కనెక్షన్లు నడుస్తూనే ఉంటాయి, అందుకే ఆట దిగుతుంది. కొత్తవి పుట్టవు, అందుకే బొమ్మ రాదు. పాతబస్తీ ఫిర్యాదులో కనిపించే వైరుధ్యానికి ఇంతకన్నా సరిపోయే వివరణ తక్కువ. బహిరంగ చిరునామా ఇమ్మని అడగడం, కొత్త పద్ధతి చిరునామాలైన ఐపీవీ6 సరిగా పనిచేసే కనెక్షన్ తీసుకోవడం దీనికి మందులు. ఐపీవీ6 ఉన్నట్టు చూపించి సగంలో ఆగిపోయే లైన్లూ ఉన్నాయి; అక్కడ దాన్ని తాత్కాలికంగా ఆపి చూడటమే పరీక్ష.

యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ అయ్యే పీపీపీఓఈ కనెక్షన్లకు మరో జబ్బు ఉంది. మామూలు ప్యాకెట్ పరిమితి 1,500 బైట్లు. పీపీపీఓఈ తన తల కోసం 8 తీసుకుంటుంది, మిగిలేది 1,492. పెద్ద ప్యాకెట్ తగిలినప్పుడు చిన్నది చేసి పంపమని కబురు వెనక్కి పోవాలి. మధ్యలో ఏదో ఫైర్‌వాల్ ఆ కబురును మింగేస్తే పంపినవాడు పెద్దవే పంపుతుంటాడు, అవి చేరవు. చిన్న ప్యాకెట్లలో ఇమిడే అక్షరాలు వస్తాయి, నిండు ప్యాకెట్లలో వచ్చే బొమ్మలు నిలిచిపోతాయి. ముక్కలు చేయొద్దన్న షరతుతో 1,472 బైట్ల పింగ్ పోక, 1,464 ది పోతే పరిమితి 1,492 అని రుజువైనట్టే, ఎందుకంటే తలభాగం మరో 28. రౌటర్‌లో ఎంటీయూ గడిలో ఆ అంకె రాస్తే సరి.

డీఎన్ఎస్ మార్చమనే సలహా అన్నింటికన్నా ఎక్కువగా వినిపిస్తుంది. కంపెనీ డీఎన్ఎస్ బద్ధకంగా ఉంటే గూగుల్ 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 మేలు చేస్తాయి. అయితే అడిగిన డీఎన్ఎస్ ఎక్కడుందో చూసి దగ్గరి నకలు ఇచ్చే పంపిణీ సంస్థలున్నాయి. ఆ ప్రశ్న ముంబై నుంచో సింగపూర్ నుంచో వచ్చినట్టు కనిపిస్తే, హైదరాబాద్‌లో నకలు ఉన్నా అక్కడి సర్వర్ చిరునామానే చేతికొస్తుంది. గూగుల్ అడిగినవారి ప్రాంతం ఆనవాలును ముందుకు పంపుతుంది, క్లౌడ్‌ఫ్లేర్ గోప్యత కోసం పంపదు. అందుకే ఒకరికి మందైనది పక్కింటివారికి విషమవుతుంది. మార్చాక బొమ్మ సర్వర్‌కు పింగ్ తగ్గిందా పెరిగిందా చూసుకున్నాకే ఉంచుకోవాలి.

ఆట దిగుతున్నప్పుడే పేజీ నెమ్మదిస్తే అది లైను పొంగడం. దారిలోని పెద్ద నిల్వ తొట్టిలో డౌన్‌లోడ్ ప్యాకెట్లు నిండిపోయి, బొమ్మ కోసం పంపిన చిన్న విన్నపానికి వచ్చే జవాబు వాటి వెనక వరుసలో నిలబడుతుంది. స్టీమ్‌లోనే డౌన్‌లోడ్ వేగానికి పరిమితి పెట్టే వీలుంది. లైను వేగంలో 85 శాతం దగ్గర ఆపితే తొట్టి నిండదు, ఆట కాస్త ఆలస్యంగా దిగినా మిగతా ఇల్లు బతుకుతుంది. నెల కోటా అయిపోయి వేగం కోసేసిన సందర్భం దీనికి భిన్నం. దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. వేగాన్ని అంతకు కోసేస్తే 10 మెగాబైట్ల పేజీకి 40 సెకన్లు పడుతుంది. ప్లాన్ పెంచడం నిజంగా పనికొచ్చేది ఇక్కడ ఒక్కచోటే. 2025 సెప్టెంబరులో జెద్దా దగ్గర ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినట్టు సముద్రం అడుగున దెబ్బ తగిలితే మాత్రం ఏ ప్లానూ అక్కరకు రాదు. దగ్గరి నకళ్ల నుంచి వచ్చే బొమ్మలు అప్పుడు కూడా బాగానే వస్తాయి, దూరం నుంచి తయారై వచ్చే పేజీలే తడబడతాయి.

ఇవన్నీ చూశాక లోపం కంపెనీదే అని తేలితే, నెట్ స్లో అన్న మాటతో ఫోన్ చేస్తే వచ్చే జవాబు రౌటర్ రీస్టార్టే. వైరు మీద రౌటర్‌కు పింగ్, బయటి చిరునామాకు పింగ్, మోడెమ్‌లో కాంతి శక్తి, ఎర్రర్ నంబరు, రోజులో ఏ వేళల్లో వస్తోంది – ఈ అయిదూ రాసిపెట్టుకుని చెబితే ఫిర్యాదు కేబుల్ అతన్ని దాటి సాంకేతిక సిబ్బందికి చేరే అవకాశం పెరుగుతుంది. ఫిర్యాదుకు డాకెట్ నంబరు ఇవ్వడం ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం కంపెనీ బాధ్యత. అక్కడ పరిష్కారం కాకపోతే ఆ నంబరుతోనే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు, దానికి రుసుము లేదు.